ఏరిపారేసిన కంకి

“వాణ్ణి ఒక్క మాట అనమనమ్మా. ‘చేను ఉంచు నాన్నా’ అని. చాలు. పొక్లెయిన్‌ని వచ్చిన దారినే పంపేస్తాను” అన్నాడు చిట్టియ్య.

కోడలితో అన్నాడే గాని, ఆ మాట చేరవలసింది దగ్గరగా వేసి ఉన్న గది తలుపు అవతలికి. అక్కడ ఆయన కొడుకు విజయ్ పాల్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. స్నేహితుడు బుల్లబ్బాయి పోయిన దగ్గర నుంచి అతను పడుకోవడం అటే, కూర్చోవడమూ అటే.



చిట్టియ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు మళ్ళీ లేచాడు. చెరువుల ఆసామి గణేష్‌బాబుకి మాట ఇచ్చేశాడు. భోజనాల వేళ దాటగానే పొక్లెయిన్ చేలో దిగుతుంది. దాని ఇనప చెయ్యి ఒకసారి మట్టి ఎత్తిందంటే అది ఇక చేను కాదు, రొయ్యల చెరువు. చుట్టుపక్కలవన్నీ ఎప్పుడో చెరువులైపోయాయి. వాటి గట్లలోంచి ఉప్పు ఊరి ఊరి, ఈ ఒక్క చేనూ బతకలేక, చావలేక మిగిలింది.

ఆ చేను చిట్టియ్య తండ్రి సంపాదించినది. ఊహ తెలిసిన నాటి నుంచి పరాయి చేలల్లో పాలేరుతనం చేసి, ఆ వంశంలో తన గట్టు మీద తాను నిలబడిన మొదటివాడు ఆయన. ఆ సంగతి చిట్టియ్య నోటితో ఎన్నడూ చెప్పడు. ఎండాకాలం, బీడుపడి నెర్రెలిచ్చినప్పుడు కూడా, ఆ చేలోకి మాత్రం చెప్పులు గట్టు మీద విడిచే దిగుతాడు.

ఆశాజ్యోతి కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. కాఫీ మీద మీగడ కట్టింది. హైస్కూల్లో లెక్కలు చెప్పే గొంతు ఆమె ఇంట్లో ఎప్పుడూ ఎత్తదు. ఇవాళ ఎత్తితే బాగుండుననిపించింది. ఎవరి మీద ఎత్తాలో తెలియలేదు.

“రేపటిదాకా ఆగండి మావయ్యగారూ.”

“రేపు ఏం మారుద్దమ్మా? ఉప్పు తీపవుద్దా?”



విజయ్ పాల్ వరి పరిశోధన క్షేత్రంలో పని చేస్తాడు. ఉప్పునీటికి తట్టుకునే వరి పుట్టించాలని పెళ్ళికి ముందు నుంచీ అతనికి అదే ధ్యాస. సార్వా వరి కోతలయ్యాక వేసే ఈ దాళ్వాలో మొదటిసారి తన వంగడాన్ని పరిశోధన మడులు దాటించి, తండ్రి చేలోనూ, చిన్ననాటి స్నేహితుడు బుల్లబ్బాయి చేలోనూ వేయించాడు. ఉప్పుటేరు గట్టుకి గండిపడి సముద్రపు పోటునీళ్ళు చేల మీదికి వచ్చినప్పుడు, అందరూ కంగారుపడుతుంటే అతనొక్కడే నిబ్బరంగా ఉన్నాడు. తట్టుకుంటుంది అన్నాడు. తట్టుకోలేదు. కొసల నుంచి ఎండిపోతున్న పైరును చూస్తూ కూర్చోలేక బుల్లబ్బాయి మట్టిబస్తా భుజానికెత్తుకుని గండి పూడ్చడానికి దిగాడు. పోటు అతన్ని తీసుకుపోయింది.

ఆ తరవాత ఈ ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ముద్ద కలిపేవాళ్ళు కలుపుతున్నారు, కడిగేసుకునేవాళ్ళు చెయ్యి కడిగేసుకుంటున్నారు.

గేటు ముందు ఆటో ఆగింది. దిగినవాడు సుధాకర్, ఆశాజ్యోతి తమ్ముడు. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో కంప్యూటర్ల మీద పని. నరసాపురంలో రైలు దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, గడ్డం మాసి ఉంది, చంకలో మడత కాగితాల కట్ట ఉంది.

“ఏవయ్యా కంప్యూటరు, ఫోన్లన్నీ మీ చేతుల్లోనే ఉంటాయి కదా, ఒకటి కొట్టి రాకూడదా? మనిషిని బండిలో పంపేవాణ్ణి” అన్నాడు చిట్టియ్య.

మామూలుగా అయితే సుధాకర్ దానికి రెండింతలు అప్పజెప్పేవాడు. ఇవాళ నవ్వలేదు. చెప్పులు విప్పుతూనే అక్క దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“రెండొందల పన్నెండు ఎక్కడుందక్కా?”

ఆమె అయోమయంగా చూసింది.

“బావ వంగడాలకి నంబర్లుంటాయి కదా. ఆ నంబరు విత్తనం ఎక్కడుంది? దోసెడు చాలు. ఒక్క కంకి ఉన్నా చాలు.”

గదిలో మంచం కిర్రుమంది. అంతే.

సుధాకర్ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. ఆమె వెనకే వెళ్ళింది. చిట్టియ్య గుమ్మం దాటి రాలేదు, గడప పట్టుకుని నిలబడ్డాడు.

దసరా సెలవులకి వచ్చినప్పుడు సుధాకర్ బావ దగ్గరున్న లెక్కలన్నీ ఫ్లాపీల్లో ఎక్కించుకుని వెళ్ళాడు. అది అందరికీ గుర్తే. వాటిని ఏం చేశాడో ఇప్పుడు చెప్పుకొచ్చాడు. ఏ మడిలో ఏ వంగడం ఎంత పెరిగింది, ఎంత పండింది, మట్టిలో ఉప్పెంత, వాన ఎప్పుడు, పోటు ఎప్పుడు, ఇన్నేళ్ళూ బావ కొలిచినవన్నీ ఒక ప్రోగ్రాం ముందు పోశాడట. దానికి సూత్రాలేవీ చెప్పరట. ఉదాహరణలు చూపిస్తూ పోతే, తప్పు చేసినప్పుడల్లా తనను తాను దిద్దుకుంటూ అదే నేర్చుకుంటుందట. ఉప్పు పెరిగితే ఏ పైరు నిలబడుతుంది అని దాన్ని అడిగాడు.

“అది మీ వంగడం పేరు చెప్పలేదు బావా. రెండొందల పన్నెండు అంది.”

గోడవైపున్న భుజం కదిలింది.

“అది చెత్త” అన్నాడు విజయ్ పాల్.

ఎన్నాళ్ళకో విన్న గొంతు. ఆశాజ్యోతికి ఆ మాట కంటే ఆ గొంతు ముందు వినపడింది. బొంగురుపోయి, ఎవరిదో లాగా ఉంది.

“గింజకి మీసం. పైరు పొడుగు, గాలొస్తే పడిపోద్ది. కోతకి ముందే గింజ రాలిపోద్ది. ఏ రైతూ రెండోసారి వెయ్యడు. మొన్న సార్వా కోతల్లో ఏరిపారేశాను.” గోడ సున్నాన్ని గోటితో గీకాడు. “ఎందుకు నిలబడుద్దో చెప్పిందా?”

“చెప్పదు బావా. చెప్పడం దానికి రాదు. మాకూ తెలీదు. ఇన్ని అంకెల మధ్య ఏదో పట్టుకుంది.”

“ఏదో అంటే?”

సుధాకర్ కాగితాల కట్టను ఇంకో చంకకి మార్చుకున్నాడు.

మెట్లు రాయకుండా జవాబొకటే రాసే పిల్లలు ఆశాజ్యోతికి ప్రతి ఏడూ తగులుతారు. పక్కవాడి పేపర్లో చూసి రాశారని అనుమానపడుతుంది. బోర్డు దగ్గరికి పిలిచి మళ్ళీ చేయమంటుంది. వాళ్ళలో ఎప్పుడో ఒకడు, పిలిచినా మెట్లు చెప్పలేడు, జవాబు మాత్రం మళ్ళీ సరిగ్గానే చెప్తాడు. అలాంటివాడికి ఎన్ని మార్కులు వేయాలో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

“బుల్లబ్బాయికి నేను కారణం చెప్పి ఇచ్చాను” అన్నాడు విజయ్ పాల్ గోడతోనే. “వేరు ఉప్పుని ఎలా ఆపుద్దో గట్టు మీద పుల్లతో గీసి చూపించాను. వాడు అంతా విని, నువ్వు చెప్తే సరేరా అన్నాడు. కారణం చెప్పి ఇచ్చిందే అలా అయింది. ఇప్పుడు వాడి భార్య వీరవేణి దగ్గరికెళ్ళి ఏమనమంటావు? కారణం తెలీదమ్మా, మిషను చెప్పిందమ్మా అననా?”

“ఇకమీదట ఇలాగే వస్తాయి బావా. విత్తనాలైనా, మందులైనా. మనిషి జన్మంతా కూర్చుని వెతికేది అవి ఒక పూటలో వెతికి ముందు పెడతాయి. కారణం మనం తరవాత నెమ్మదిగా వెతుక్కోవాలి.”

“తరవాత అంటే, ఎవరు పోయిన తరవాతరా?”

వంటింట్లో అత్తగారు పాపాయమ్మ బియ్యం చెరుగుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది.

సుధాకర్ కాగితాల కట్టను మంచం కోడు పక్కన పెట్టాడు. పెట్టి, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

“మీ వంగడం పోతుందని కూడా చెప్పింది బావా.”

“ఎప్పుడు?”

“నాట్లకి ముందు.”

వంటింట్లో చేట చప్పుడు ఆగిపోయింది.

“నా ప్రోగ్రాంలోనే తప్పుందనుకున్నాను” అన్నాడు సుధాకర్ తల వంచుకుని. “బావ మాట కంటే దీని మాట ఎక్కువా అనుకున్నాను. ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఏమని చెప్పాలి? ఎందుకు పోద్దిరా అంటే నా దగ్గర జవాబు లేదు. పెట్టేశాను.”

చిట్టియ్య గడప వదిలేసి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. ఆశాజ్యోతి తమ్ముడి వంచిన మెడ చూసింది. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మెడ. దాన్ని నిమరాలో, అక్కణ్ణించి లెమ్మనాలో ఆమె చేతికి తెలియలేదు.

అప్పుడు విజయ్ పాల్ ఇటు తిరిగాడు. బుల్లబ్బాయి పోయిన తరవాత అదే మొదటిసారి. కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి.

“చేసినా నేను నమ్మేవాణ్ణి కాదులేరా” అన్నాడు.

అది ఓదార్పో, ఇంకా పెద్ద శిక్షో ఆమెకు అర్థం కాలేదు. అతను మళ్ళీ గోడవైపు తిరిగిపోయాడు.

ఆఫీసులో ఏమైనా మిగిలి ఉంటుందా అని ఆమె అడిగింది. ఏరేసినవి అక్కడ ఉంచరని, ఆ కట్టలు ఎప్పుడో పోయాయని గోడ జవాబిచ్చింది.

“ఎక్కడికి పోయాయి, నా చేతికే కదరా తెచ్చిచ్చావు” అంది గుమ్మంలోంచి పాపాయమ్మ.

ఆమె చేట పట్టుకునే వచ్చింది. ముసలామెకి మిషన్ల సంగతి తెలియదు గాని, తన కుచ్చుల సంగతి తెలుసు. ఏటా చర్చిలో కోతపండుగకి పాపాయమ్మ వరికంకుల కుచ్చులు అల్లుతుంది. ఒకటి గుడికి, దేవుని సన్నిధికి. ఒకటి బుల్లబ్బాయి ఇంటికి, వాళ్ళ వసారాలో పిచ్చుకలకి. చిన్నప్పటి నుంచీ కొడుకుతో కలిసి ఇక్కడే తిని తిరిగినవాడని ఆమెకు ఆ ఆనవాయితీ. చేలో మంచి కంకులు తెంపడం ఇష్టం లేక, పరిశోధన మడుల్లో ఏరిపారేసినవి తెచ్చిపెట్టమని కొడుక్కి చెప్పేది. మీసాల కంకులైతే కుచ్చుకి అందం కూడాను.

గుడిలో కుచ్చు ఇప్పుడు ఒట్టి గడ్డి. మొన్న మట్టలాదివారానికి ఆశాజ్యోతే చూసింది, గింజ లేదు.

రెండోది మిగిలింది.

“నేను వెళ్తాను” అంది ఆశాజ్యోతి. సుధాకర్ లేవబోతే వద్దంది. బుల్లబ్బాయి గుమ్మంలో తమ్ముడు నిలబడటం ఆమె ఊహించలేకపోయింది.

ఎండ అప్పుడే మండుతోంది. చెరువుల గట్ల మధ్య దారి, రెండు పక్కలా నీళ్ళు చిలికే చక్రాల హోరు. గట్ల వార మట్టి మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. దూరం నుంచి ఎవరో ముగ్గు పోసినట్టు ఉంటుంది. దగ్గరికొస్తే గడ్డి కూడా మొలవని నేల.

వీరవేణి వసారాలో చింతపండు ఒలుస్తోంది. కత్తిపీట కింద గింజలు పోగుపడి ఉన్నాయి. దినం రోజు తరవాత ఆశాజ్యోతి ఈ ఇంటికి రావడం ఇదే. విజయ్ పాల్ అయితే అసలు రాలేదు.

వీరవేణి లేవబోయింది. కూర్చోమని, తానూ మెట్టు మీద కూర్చుంది. మంచినీళ్ళు తాగుతారా అంటే తాగింది. పిల్లలు బడికి వెళ్తున్నారా అని అడిగింది. వెళ్తున్నారంది.

“ఆయన రాలేదేంటండి టీచరుగారూ?”

“లేవడం లేదమ్మా.”

“మా ఆయనా లేవలేదండి.”

కోపంగా అనలేదు. చింతపండు పెంకు తీసినంత మామూలుగా అంది. ఆశాజ్యోతి తల ఎత్తలేకపోయింది. ఎత్తినప్పుడు, వసారా వాసానికి వేలాడుతున్న కుచ్చు కనిపించింది. కింద బుట్టలో పిల్లి ఈనింది. దాని భయానికి పిచ్చుకలు అటు వాలినట్టు లేవు. అంచులు రాలిపోయినా, నడుమ అల్లిక బిగువుగా, గింజలతో ఉంది.

వచ్చిన పని చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. బోర్డు మీద లెక్క చెప్పినట్టు ఒక్కొక్కటే చెప్పింది. ఏరిపారేసిన ఒక వంగడం ఉందని, ఉప్పుకి అదే నిలబడుతుందని ఒక కంప్యూటరు చెప్పిందని, ఎందుకో ఎవరికీ తెలియదని, అది ఈ కుచ్చులో ఉండవచ్చని.

వీరవేణి అంతా విని, చేతికంటిన చింతపండు కొంగుకి తుడుచుకుంది.

“ఆ మిషనుకి మిగతాది కూడా ముందే తెలుసాండి?”

చక్రాల హోరు అక్కడికీ వినిపిస్తోంది. ఆశాజ్యోతి అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు. గ్లాసు అడుగున మిగిలిన నీళ్ళు చూస్తూ ఉండిపోయింది.

వీరవేణి ఆ గ్లాసు వైపు చూసింది. ఇక అడగలేదు. లేచి, ముక్కాలిపీట వేసుకుని ఎక్కింది. బుల్లబ్బాయి వేసిన ముడి విప్పడానికి గోళ్ళు సరిపోక పళ్ళతో లాగింది. కుచ్చు చేతిలోకి వచ్చాక వెంటనే ఇవ్వలేదు.

“మీ ఆయన మంచిదన్న గింజ చచ్చిపోయింది. పనికిరాదన్నది బతుకుద్దేమో. పట్టుకెళ్ళండి.”

ఆశాజ్యోతి మెట్లు దిగుతుంటే వెనక నుంచి మళ్ళీ అంది. “మొలిస్తే చెప్పండి టీచరుగారూ. మొలవకపోయినా చెప్పండి.”

తిరుగుదారిలో, మలుపు దగ్గర పొక్లెయిన్ ఎదురైంది. పెద్ద ట్రెయిలర్ మీద, పసుప్పచ్చగా, మెడ వంచుకుని వస్తోంది. ఆమె దారి ఇచ్చి గట్టు వారకి జరిగి, కుచ్చును పమిట చాటున పెట్టుకుంది. వెనకే మోటారు సైకిల్ మీద గణేష్‌బాబు.

“నమస్కారమండి టీచరుగారూ. ఇంత ఎండలో నడిచి వెళ్తున్నారేంటండి? మా వాణ్ణి దింపమంటాను, ఎక్కండి” అన్నాడు ఎంతో మర్యాదగా.

వద్దని తల ఊపింది. గింజల మీసాలు జాకెట్టులోంచి గుచ్చుకుంటున్నాయి.

ఇంటికి చేరేసరికి చిట్టియ్య చొక్కా వేసుకుని అరుగు మీద సిద్ధంగా ఉన్నాడు. కుచ్చును చూసి, లేచి ఆమె వెనకే గదిలోకి వచ్చాడు. ఈసారి గడప దాటాడు.

సుధాకర్ కుచ్చును బల్ల మీద పరిచి ఆత్రంగా వెతికాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

“నంబర్లు ఏవి?”

ప్రతి కట్టకీ నంబరు రాసిన అట్టముక్క ఉండాలి. ఒక్కటీ లేదు.

“కాయితం ముక్కలు వేలాడుతుంటే దేవుడి ముందుకి ఎలా తీసుకెళ్తారు?” అంది పాపాయమ్మ. “తెంపి పొయ్యిలో వేశాను. రెండు కుచ్చులూ కలిపే అల్లాను కదా.” అంటూ అంటూ కొడుకు ముఖం వైపు చూసి, “ఏం, తప్పు చేశానా?” అంది. ఎవరూ అవునన్లేదు. ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కుచ్చంతా మీసాలే. ఆశాజ్యోతి కంటికి ప్రతి కంకీ పక్క కంకిలాగే ఉంది. ఏరేసిన రకాలన్నీ అందులో ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి.

“మీ మిషనుకి చూపించు” అన్నాడు విజయ్ పాల్.

“దానికి అంకెలే తెలుసు బావా. కంకి చూపిస్తే తెలీదు. ఇందులో రెండొందల పన్నెండు ఏదో చెప్పగలిగింది మీరొక్కరే.”

విజయ్ పాల్ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు భయం వేసింది.

“నా కన్ను తప్పని చెప్పిందే అది కదరా. మళ్ళీ నా కన్నే కావాలా?”

“మీ కన్ను తప్పు చూడలేదండి” అంది ఆశాజ్యోతి.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె గొంతు పెద్దగా లేదు, కాని అది బడి గొంతే.

“అది చదివిన ప్రతి అంకె మీరు ఎండలో నిలబడి రాసింది. చూసింది సరిగ్గానే చూశారు. చూసి వద్దనుకున్నారు, అంతే. ఇప్పుడు వద్దనడం, కావాలనడం మాకొదిలెయ్యండి. ఒక్కసారి చూడండి. వీరవేణి ఇచ్చి పంపింది.”

ఆ పేరు విని అతను లేచి కూర్చున్నాడు. కాళ్ళు కిందికి దించాడు. చాలాకాలం జబ్బుపడి లేచినవాడిలా, బల్ల అంచు పట్టుకుని ముందుకు జరిగాడు.

వేళ్ళు అల్లికలోకి వెళ్ళాయి. ముడి తరవాత ముడి విప్పుతూ, ఒక్కొక్క కంకినీ వెలుతురుకి ఎత్తి, గింజ మొన చూసి, మెడ తడిమి, పక్కన పెట్టసాగాడు. ఆ చేతులు తెలిసిన చేతులు. పెళ్ళయిన కొత్తలో ఆమెకు వరిపువ్వు విప్పి చూపించిన చేతులు. వాటిని చూస్తుంటే, మనిషి తిరిగొస్తున్నాడని ఆమెకు ఒక్క క్షణం ఆశ పుట్టింది.

చిట్టియ్య మాత్రం కొడుకు పెదవుల వైపే చూస్తున్నాడు. బయట, చేల వైపు, ట్రెయిలర్ మీంచి బరువైనదేదో దిగుతున్న చప్పుడు. ఇనుము మీద ఇనుము.

కుచ్చు నడుమ భాగానికి వచ్చాక చెయ్యి ఆగింది.

బొటనవేలు ఒక గింజ మొన మీద నిలిచిపోయింది. ఎర్రటి మొన. అతని మెడ దగ్గర నరం కదలడం ఆశాజ్యోతి చూసింది. సుధాకర్ చూడలేదు, అతను బల్ల అవతల, విడిపోయిన గడ్డిని సర్దుతున్నాడు. చిట్టియ్య కిటికీ వైపు తల తిప్పాడు.

మళ్ళీ చేతులు కదిలాయి. మిగిలిన ముడులు త్వరత్వరగా విప్పాడు. చివరి కంకి కూడా పక్కన పెట్టి, బల్లకు దూరంగా జరిగాడు.

“ఇందులో లేదు నాన్నా.”

కొడుకు ఇంకేమైనా అంటాడేమోనని చిట్టియ్య చూశాడు కాబోలు. తరవాత తువ్వాలు మీద వేసుకున్నాడు.

“సరే. వాళ్ళు ఎదురుచూస్తుంటారు” అని బయటికి నడిచాడు.

పాపాయమ్మ అల్లిక విడిపోయిన కంకుల్ని మౌనంగా చేటలోకి ఎత్తుకుంది. సుధాకర్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆశాజ్యోతి మాత్రం భర్త చేతులు చూస్తోంది. కుడిచెయ్యి మోకాలి మీద తెరిచి ఉంది. ఎడమచెయ్యి పక్కబట్ట మడతలో, పిడికిలి బిగించి ఉంది. వేళ్ళ సందులోంచి, సన్నగా, ఒక మీసం బయటికి కనిపిస్తోంది.

మామగారి అడుగులు అరుగు దిగాయి. గేటు గొళ్ళెం తీసిన చప్పుడైంది. ఒక్క కేక చాలు, ఆయన ఆగుతాడు.

ఆమె గుమ్మంవైపు తిరిగింది.

“పిలవకు, జ్యోతీ” అన్నాడు విజయ్ పాల్. “ఎందుకో తెలీకుండా మళ్ళీ ఎవరి చేతికీ ఇవ్వలేను.”